పొయ్యిలన్నీ వెలిగిస్తే వంటయినట్టా?

ఒక ఉపదేశం చాలాకాలంగా నా చెవిన పడుతూనే ఉంది. బ్యాచ్ ఫైలులో పనులు ఒకదాని వెనుక ఒకటి నత్తనడక నడుస్తున్నాయా? ప్రతి వరుసకూ ముందు ‘స్టార్ట్’ అన్న మాట తగిలించండి. అన్నీ ఒక్కసారే పరుగెడతాయి. నాలుగు ప్రాసెసర్లుంటే పని నాలుగు రెట్లు వేగం. ఇంతే ఉపదేశం. చెప్పేవారు ఇక్కడితో ఆగిపోతారు, వినేవారూ ఇక్కడితోనే ఆగిపోతారు. ఒకప్పుడు నేనూ ఆగిపోయాను. దాని ఫలితంగా ఒక పాత పుస్తకంలోని 32 పుటలు నా చేతులమీదుగానే నాశనమయ్యాయి. కనుక ఈ విషయంలో నేను తటస్థుణ్ణి కానని ముందే మనవి చేసుకుంటున్నాను.

నా వాదన చిన్నది. పనులను ఏకకాలంలో మొదలుపెట్టడంలో గొప్పేమీ లేదు, అది ఒక్క మాటతో అయ్యే పని. అవన్నీ ముగిసేదాకా ఆగడం, ముగిశాక ఒక్కొక్కదాన్నీ నిలదీసి “నీ పని సవ్యంగా అయిందా?” అని అడగడం, అసలు విద్య అందులో ఉంది. మొదటిది నేర్పి రెండోది దాటవేసినవాడు సగం నేర్పాడని సరిపెట్టుకోవడానికి నాకు మనసొప్పదు. ఏమీ నేర్పనివాడు చేసేదానికన్నా ఎక్కువ హాని చేశాడంటాను.

జరిగింది చెబుతాను. మా ఊరి పెద్దాయన ఒకరి దగ్గర ఒక పాత పుస్తకం ఉండేది. మా ఊరి స్థలమాహాత్మ్యం, చుట్టుపక్కల గ్రామాల కైఫీయతుల వంటి కథనాలు, ఇనాముల వివరాలు, చివర చందాదారుల పేర్లు. ఎవరో స్థానిక పండితుడు రాసి, చందాలు పోగుచేసి అచ్చు వేయించుకున్నది. మొత్తం 284 పుటలు. అట్ట ఊడిపోయింది, కాగితం గట్టిగా పట్టుకుంటే పొడి రాలుతోంది. 2019 వేసవిలో నేను ఊరికి వెళ్ళినప్పుడు బతిమాలి అడిగితే, “పది రోజుల్లో తెచ్చిచ్చెయ్ నాయనా, మళ్ళీ అడిగించుకోకు” అంటూ ఇచ్చారు. పుటలన్నీ రంగుల్లో, అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేశాను. ఒక్కో బొమ్మ సుమారు 50 మెగాబైట్లు, అన్నీ కలిసి 14 గిగాబైట్లు. నాది అప్పటికే నిండుకున్న పాత ల్యాప్‌టాప్.

బొమ్మల్లోని అక్షరాలను పాఠ్యంగా మార్చడానికి టెసరాక్ట్ వాడాను. హ్యూలెట్ ప్యాకార్డ్ ప్రయోగశాలలో 1980లలో పుట్టి, 2005లో అందరికీ స్వేచ్ఛగా విడుదలైన ప్రోగ్రాం అది. 2018లో వచ్చిన నాలుగో సంచికతో తెలుగు అచ్చును చదవడంలో చెప్పుకోదగ్గంత మెరుగుపడింది. పుటకు దాదాపు 10 సెకన్లు తీసుకుంటోంది. ఒకదాని తరువాత ఒకటిగా అయితే 284 పుటలకు సుమారు 47 నిమిషాలు.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే నవ్వొస్తుంది. 47 నిమిషాలు! ఆ పుస్తకం ఎన్నో దశాబ్దాలు ఒక చెక్కపెట్టెలో ఓపికగా ఎదురుచూసింది. నేను 47 నిమిషాలు ఎదురుచూడలేకపోయాను. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఆ ఉపదేశాన్నే పాటించాను. పుస్తకాన్ని నాలుగు భాగాలు చేసి, భాగానికి 71 పుటల చొప్పున నాలుగు చిన్న బ్యాచ్ ఫైళ్ళు రాశాను. పెద్ద బ్యాచ్ ఫైలు ఆ నాలుగింటినీ ‘స్టార్ట్’తో వదులుతుంది. తరువాత పాఠ్యాలన్నింటినీ ఒకే ఫైలుగా కలుపుతుంది. ఆపైన చోటు కోసం బొమ్మలను చెరిపేస్తుంది. ‘స్టార్ట్’ ఎవరికోసమూ ఆగదని నాకు తెలుసు. పనిని వాకిట్లోకి తోసి మరుక్షణం తరువాతి వరుసకు వెళ్ళిపోతుంది. అందుకని మధ్యలో ‘టైమౌట్’ ఆజ్ఞతో 25 నిమిషాల విరామం పెట్టాను. 47ను నాలుగుతో భాగిస్తే 12 నిమిషాలు కదా, నేను దానికి రెట్టింపు ఇస్తున్నానని మురిసిపోయాను.

ముందుజాగ్రత్తగా 40 పుటలతో పరీక్ష కూడా చేశాను. పాఠ్యం 40 పుటలకూ వచ్చింది. కానీ లాగ్ ఫైలులో, అంటే ‘ఫలానా పుట అయింది’ అని రాసుకునే చిట్టాలో, 38 వరుసలే ఉన్నాయి. కారణం వెతికితే దొరికింది. నాలుగు పనులూ ఒకే చిట్టాలో రాస్తున్నాయి. కమాండ్ ప్రాంప్టు ఒక ఫైలును రాయడానికి తెరిచిందంటే, అదే సమయంలో మరొకరిని అందులో రాయనివ్వదు. రెండోవాడికి ‘ఈ ఫైలును వేరొక ప్రాసెస్ వాడుతోంది’ అన్న సందేశం వస్తుంది, అతడు రాయాల్సిన వరుస గాలిలో కలిసిపోతుంది. అంటే పని జరిగింది, చిట్టాకు ఎక్కలేదంతే. “ఓహో, చిట్టాదే తప్పు, పుటలు భద్రం” అనుకుని సరిదిద్దకుండా వదిలేశాను.

ఆ రాత్రి అసలు పని నడిపించి నిద్రపోయాను. పొద్దున చూస్తే చిట్టాలో 284కు గాను 249 వరుసలున్నాయి. నాకు అనుమానమే రాలేదు. చిట్టా అబద్ధమాడుతుందని నిన్ననే తేల్చుకున్నాను గదా! 40లో రెండు తప్పిపోతే 284లో 35 తప్పిపోవడం లెక్కకు కుదరదన్న సంగతి కూడా తట్టలేదు. పాఠ్యం ఫైలు తెరిచి మొదటి నాలుగు పుటలు చూసి సంతోషించాను. అన్న మాట ప్రకారం పదో రోజున పుస్తకం తిరిగి ఇచ్చేశాను.

దిద్దుబాటు మొదలుపెట్టింది చాలా నెలల తరువాత. 64వ పుట తరువాత 72వ పుట వచ్చింది. 133 తరువాత 143 వచ్చింది. 206 నుంచి 213 దాకా లేవు. 277 నుంచి చివరి వరకూ లేవు. ప్రతి భాగం తోకా తెగిపోయింది. ఏడూ, తొమ్మిదీ, ఎనిమిదీ, ఎనిమిదీ, వెరసి 32 పుటలు. 25 నిమిషాలు గడవగానే పెద్ద బ్యాచ్ ఫైలు తన ధర్మం ప్రకారం అప్పటిదాకా వచ్చిన పాఠ్యాన్ని కలిపేసి, బొమ్మలు చెరిపేసింది. నాలుగు చిన్న ఫైళ్ళూ ఇంకా చదువుతూనే ఉన్నాయి. చేతిలోని పుట కిందపెట్టి తరువాతి పుట కోసం చేయి చాపేసరికి అక్కడ పుట లేదు. కమాండ్ ప్రాంప్టులోని చెరిపే ఆజ్ఞ ఫైళ్ళను రీసైకిల్ బిన్‌కు పంపదు, నేరుగా తీసేస్తుంది. అన్ని నెలల తరువాత డిస్కులో వెతికి తెచ్చుకోవడానికీ ఏమీ మిగల్లేదు.

12 నిమిషాల పని 25 నిమిషాల్లో కూడా ఎందుకు పూర్తికాలేదు? ఉపదేశంలోని ‘నాలుగు రెట్లు’ ఇక్కడే బద్దలవుతుంది. టెసరాక్ట్ నాలుగో సంచిక ఒక్కటిగా నడిచేటప్పుడే తన పనిని నాలుగు పాయలుగా విడదీసుకోగలదు. నాలుగు ప్రాసెసర్లనూ అది ముందే వాడుకుంటోంది. నేను నాలుగు టెసరాక్ట్‌లను ఒకేసారి వదిలితే నాలుగు ప్రాసెసర్ల మీద పదహారు పాయలు తోసుకున్నాయి. పుటకు 10 సెకన్లు పట్టేది సుమారు 24 సెకన్లయింది. మొత్తం 28 నిమిషాలకు పైగా పట్టాలి. నేనిచ్చింది 25. ఓఎంపీ థ్రెడ్ లిమిట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1గా పెట్టి, ఒక్కో టెసరాక్ట్‌ను ఒక్కో పాయకు కట్టడి చేసి ఉంటే నాలుగింటినీ కలిపి నడపడంలో లాభం సవ్యంగా దక్కేది. ఇది దాచిన రహస్యమేమీ కాదు, తెలుసుకోదలచినవాడికి దొరికే సంగతే. నేను తెలుసుకోదలచలేదు. భాగహారం నమ్ముకున్నాను.

ఆ భాగహారాన్ని జీన్ ఆమ్డాల్ 1967లోనే ప్రశ్నించాడు. పనిలో ఎంతో కొంత భాగం పంచుకోవడానికి వీలుకానిది ఉంటుంది. ఆ భాగం పదోవంతే అనుకుందాం. అప్పుడు నాలుగు ప్రాసెసర్లు పెట్టినా వేగం మూడు రెట్లను కాస్త దాటుతుంది, నాలుగు కాదు. వేయి ప్రాసెసర్లు పెట్టినా పది రెట్లను చేరదు. ఇది కాగితం మీది లెక్క. నిజంలో డిస్కు ఒక్కటే, మెమరీ ఒక్కటే. ఫోల్డరులోని ప్రతి బొమ్మకూ ఒక ‘స్టార్ట్’ అని ఒకే వరుసలో రాసి, 284 ప్రోగ్రాములను ఒకేసారి లేపేవారున్నారు. వాటి ఒత్తిడికి యంత్రం కదలక మెదలక నిలబడిపోతే విండోస్‌ను తిడతారు.

ఇక్కడ ఎవరైనా అడగవచ్చు: “తప్పు నీది. చెరిపే వరుస అక్కడ ఎందుకు పెట్టావు? దానికి ‘స్టార్ట్’ ఏం చేస్తుంది?” నిజమే, నేను తప్పించుకోను. కానీ ఆలోచించండి. అవే మూడు మెట్లు, అంటే చదువు, కలుపు, చెరుపు, వరుసక్రమంలో నడిచి ఉంటే బొమ్మలు చదవకముందే చెరిగిపోయే ప్రమాదం ఉండేది కాదు. డాస్ 1981లో వచ్చినప్పుడు ఒకసారికి ఒకే పని చేసేది. ఆనాటి బ్యాచ్ ఫైలులో ఒక వరుస నడుస్తోందంటే దాని పై వరుస ముగిసినట్టే లెక్క. ఆ హామీని ఎవరూ ప్రత్యేకంగా రాయనక్కరలేదు, క్రమమే హామీ. ‘స్టార్ట్’ అన్న ఒక్క మాట ఆ హామీని రద్దు చేస్తుంది. ఆ మాట చేరిన వరుస ఒక్కటే మారినట్టు కనిపిస్తుంది గాని, దాని కింద ఉన్న ప్రతి వరుసకూ అర్థం మారిపోతుంది. ఉపదేశకులు చెప్పనిది ఇదే.

మరొక ఉదాహరణ. తాత్కాలిక ఫైళ్ళకు పేర్లు పెట్టడానికి చాలామంది ‘ర్యాండం’ అనే వేరియబుల్ వాడతారు. 0 నుంచి 32767 దాకా ఏదో ఒక అంకె ఇస్తుంది కనుక పేర్లు కలవవని ధైర్యం. కమాండ్ ప్రాంప్టు ఆ అంకెల వరుసకు బీజంగా గడియారంలోని సెకన్లను తీసుకుంటుంది. ఒకే సెకనులో మొదలైన రెండు కమాండ్ ప్రాంప్టులకు ఒకే అంకె వస్తుంది. ఒక్కటే నడిచినన్నాళ్ళూ నిర్దోషిగా ఉన్న ఆ వరుస, నాలుగింటిని ‘స్టార్ట్’తో వదిలిన మరుక్షణం ఒకరి కంచంలో మరొకరు చేయి పెట్టేలా చేస్తుంది. కమాండ్ ప్రాంప్టులో ఇంకో గుణముంది. ఒక ఆజ్ఞ ఫలితాన్ని ఫైలులోకి మళ్ళించేటప్పుడు ఆ ఫైలు తెరుచుకోకపోతే, ఆ ఆజ్ఞ అసలు నడవనే నడవదు. నా చిట్టాలో వరుసలు మాత్రమే పోయాయి. టెసరాక్ట్ ఆజ్ఞనే చిట్టాలోకి మళ్ళించి ఉంటే చదవడమే జరిగేది కాదు.

“ఈ బ్యాచ్ ఫైళ్ళే పాతచింతకాయ పచ్చడి, పవర్‌షెల్‌కు మారిపో” అనేవారు మరో వర్గం. పవర్‌షెల్ మంచిదే. 2020లో వచ్చిన ఏడో సంచికలో ఏకకాలపు పనులకు తగిన ఏర్పాటు ఉంది. చెప్పకపోయినా ఒకసారికి ఐదింటినే నడుపుతుంది, అన్నీ ముగిసేదాకా ఆగుతుంది. యునిక్స్ సంప్రదాయం ఇంకా పాతది. అక్కడి షెల్‌లో పనిని వెనక్కి నెట్టే గుర్తుతోపాటు ‘వెయిట్’ అన్న ఆజ్ఞ కూడా ఉంది. ‘ఎక్సార్గ్స్’ పనులను ఏకకాలంలో నడిపి, వాటిలో ఏదైనా విఫలమైతే చివర 123 అన్న సంకేతం ఇస్తుంది. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఆ 123ను చూడకుండా తరువాతి వరుసలో చెరిపే ఆజ్ఞ రాసినవాణ్ణి ఏ షెల్ కాపాడుతుంది? పనిముట్టు మార్చినంత మాత్రాన అలవాటు మారదు. నేను 25 నిమిషాల విరామాన్ని పవర్‌షెల్‌లో కూడా రాసి ఉండేవాణ్ణే.

ఆ విరామం గురించే నా అసలు కోపం. ‘ఇంతసేపు ఆగితే చాలు’ అని గడియారం చూసి నిర్ణయించడాన్ని ఆగడం అనరాదు. అది ఊహ. పెళ్ళి వంటవాడు నాలుగు గాడిపొయ్యిలు వెలిగించి, డేగిసాలు ఎక్కించి, ‘గంటలో అయిపోతుంది లెండి’ అని చెప్పి వెళ్ళిపోతే గంట తరువాత విస్తళ్ళు వేసేస్తామా? మూత తీసి మెతుకు పట్టి చూస్తాం. ఉడికిందా లేదా అన్నది చెప్పవలసింది మెతుకు, గడియారానికి ఆ అర్హత లేదు.

మరి కమాండ్ ప్రాంప్టులో మెతుకు పట్టి చూసేదెలా? ‘స్టార్ట్’కు ‘వెయిట్’ అన్న తోక తగిలిస్తే ఆగుతుంది గాని, ఒక్కొక్కదాని కోసం ఆగుతుంది. అప్పుడు మళ్ళీ వరుసక్రమమే. అన్నింటినీ వదిలి, అన్నింటి కోసం ఒకేసారి ఆగే ఆజ్ఞ అందులో సిద్ధంగా లేదు, మనమే కట్టుకోవాలి. దారి ఉంది. నా చిట్టాను చెడగొట్టిన గుణమే ఇక్కడ కాపలాదారు అవుతుంది. ప్రతి పనినీ వదిలేటప్పుడు దాని తొమ్మిదో నంబరు ప్రవాహాన్ని ఒక తాళం ఫైలులోకి మళ్ళించాలి, ఒక్కో పనికి ఒక్కో తాళం. ఆ పని బతికి ఉన్నంతసేపూ తాళం దాని చేతిలో ఉంటుంది, మరెవరూ అందులో రాయలేరు. పెద్ద ఫైలు సెకనుకోసారి ఒక్కో తాళాన్నీ తెరవబోతుంది. తెరుచుకోలేదా, పని ఇంకా నడుస్తోంది. తెరుచుకుందా, ముగిసింది. ఆ పని సవ్యంగా ముగిసినా, మధ్యలో కూలిపోయినా, తాళం విడిపించే బాధ్యత విండోస్‌దే. అందువల్ల చచ్చిన పని కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం ఉండదు.

ముగిసిందని తెలిస్తే చాలదు, సవ్యంగా ముగిసిందా అని తెలియాలి. ‘స్టార్ట్’ తరువాత ఎర్రర్ లెవల్ చూసుకోవడం వృథా, వదిలేసిన పని ఫలితం అందులోకి రాదు. కనుక ఎవరి ఫలితాన్ని వారే చెప్పాలి. ఒక్కో పుట పాఠ్యాన్ని ముందు తాత్కాలికమైన పేరుతో రాయించి, టెసరాక్ట్ సున్నా సంకేతంతో ముగిస్తేనే అసలు పేరు పెట్టాలి. తాత్కాలిక పేరులో పుట సంఖ్యే ఉండాలి, ర్యాండం అంకె కాదు. ఒక్కో పనికి దాని చిట్టా దానికే ఉండాలి. ఒకసారికి ఎన్ని నడపాలో ‘నంబర్ ఆఫ్ ప్రాసెసర్స్’ వేరియబుల్ చెబుతుంది, దాన్ని మించరాదు. అన్నీ ముగిశాక బొమ్మలెన్ని, అసలు పేరు పొందిన పాఠ్యాలెన్ని అని లెక్కపెట్టాలి. 284కు 284 కాకపోతే పెద్ద ఫైలు అక్కడే ఆగిపోయి మనల్ని పిలవాలి. ఇక చెరిపే వరుస ఆ ఫైలులో ఉండనే కూడదు. అది మనిషి తన చేత్తో, పగటిపూట, తీరికగా చేయవలసిన పని.

ఇదంతా రాయడానికి ఎంత సేపు పడుతుంది? ఒక పూట పట్టవచ్చు. 47 నిమిషాల పనికి ఒక పూట శ్రమ ఎందుకంటారా? అయితే వరుసక్రమంలో నడపండి. అదే నేను చెప్పదలచింది. ఆగడానికి, అడగడానికి సిద్ధంగా లేనివాడికి ఏకకాలం తగదు. అతడికి వరుసక్రమమే క్షేమం, అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. పని పెద్దదై, రోజూ చేయవలసిందై, వేల పుటలతో కూడినదైతే ఆ పూట శ్రమ వెంటనే తిరిగి వస్తుంది. అప్పుడు నాలుగేసి నడపండి, నేనే చప్పట్లు కొడతాను.

మనలో ఎందరో పాత తెలుగు పుస్తకాలను, పత్రికలను స్కాన్ చేసి పాఠ్యంగా మార్చే పనిలో ఉన్నారు. తెలుగు వికీసోర్స్‌లో ఆ పని ఏళ్ళ తరబడి జరుగుతోంది, ఇళ్ళలో ఒంటరిగా చేస్తున్నవారూ ఉన్నారు. ఆ పుస్తకాల్లో చాలావాటికి రెండో ప్రతి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. యంత్రం దగ్గర మనం ఆదా చేసుకునే అరగంట కోసం, అంతకాలం నిలిచిన కాగితాన్ని పందెంలో పెడుతున్నామన్న ఎరుక ఉండాలని నా ప్రార్థన.

మిగిలిన కథ కూడా చెప్పాలి. పుటలు పోయాయని తెలిశాక పెద్దాయన ఇంటికి ఫోను చేశాను. ఆయన అంతకు రెండు నెలల ముందే కాలం చేశారు. ఇల్లు అమ్మేశారట. పెట్టెలోని పుస్తకాల సంగతి అడిగితే, “చెదలు పట్టినవేగా, పాత కాగితాలవాడికి వేసేశాం బాబూ” అన్నారు ఆయన కోడలుగారు. ఆమెను ఏమనగలను? ఆమెకు అవి పాత కాగితాలు. వాటి విలువ తెలిసి, పదిరోజులు చేతిలో ఉంచుకుని, 47 నిమిషాలు ఆగలేకపోయినవాణ్ణి నేను.

277 నుంచి 284 దాకా ఉన్న పుటల్లో చందాదారుల పేర్లుండేవి. స్కాన్ చేస్తున్నప్పుడు వాటిలో మా ముత్తాతగారి పేరు కనిపించింది. ఆయన ఎంత ఇచ్చారో కూడా అక్కడ అచ్చయి ఉంది. పాఠ్యం వచ్చాక తీరిగ్గా చూసుకుందాంలే అనుకున్నాను. ఎంత ఇచ్చారో ఇప్పుడు నాకు గుర్తులేదు.